నెట్టు ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

పొద్దున పదింబావుకు బాబాయి ఫోన్. "ఏరా, నెట్టు పోయింది. షాపు నిండా జనం."

గుంటూరు జిల్లాలో ఓ మండల కేంద్రంలో బాబాయిది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. నేను హైదరాబాద్‌లో ఓ ఆఫీసులో నెట్‌వర్క్ పని చూస్తాను. అందుకని చుట్టాల్లో ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా, టీవీలో బొమ్మ ఆగి గుండ్రంగా తిరుగుతున్నా ఫోన్ నాకే వస్తుంది.

"ఫోన్లో నెట్టు వస్తోందా బాబాయ్?"

"వస్తోంది."

"వైఫై మీదా, డేటా మీదా?"

కాసేపు మాట లేదు. "డేటా మీదేరా."

"డేటా ఆపేసి చూడు."

ఆపి చూశాడు. వైఫై మీద కూడా వస్తోంది. అంటే బయట స్తంభం మీంచి వచ్చే ఫైబర్ బాగానే ఉంది, దాన్ని అందుకునే డబ్బా బాగానే ఉంది. తేడా డబ్బాకీ కంప్యూటర్‌కీ మధ్యలో. కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించి, కుర్రాడు ఎప్పుడొస్తాడా అని వీధిలోకి చూస్తూ కూర్చోవాల్సిన పని తప్పింది. ఒకవేళ వైఫై మీద కూడా రాకపోతే చూడాల్సింది డబ్బా మీద 'లాస్' అని రాసి ఉండే లైటు. అది ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని అర్థం. అప్పుడు ఇంట్లో మనం చేయగలిగింది ఫోన్ చేయడమే.

'నెట్టు రావట్లేదు' అన్న మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు బోదె వెంట నడుస్తాడు, గండి ఎక్కడ పడిందో చూస్తాడు. కేబుల్ నెట్‌కీ అలాంటి నడకే ఉంది. ముందు తీగ, తర్వాత అడ్రసు, తర్వాత డబ్బా, తర్వాత బయటి ప్రపంచం, ఆఖర్న పేర్లు. ఈ వరసలో కింది మెట్టు సరిగా లేకుండా పై మెట్టు పని చేయదు. చాలామంది మాత్రం పైనుంచి మొదలుపెడతారు. బ్రౌజర్ తీసేసి మళ్లీ వేస్తారు, నెట్‌వర్క్ కార్డును నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మారుస్తారు, ఆఖరికి విండోసే మళ్లీ ఎక్కిస్తారు. కేబుల్ మాత్రం బల్ల కింద ఊడిపోయి వేలాడుతూ ఉంటుంది. ఇది వెటకారానికి అనట్లేదు, నేనూ చేశాను.

నడక మొదలుపెట్టేముందు ల్యాప్‌టాప్ వాళ్లకు ఒక మాట. కేబుల్ సంగతి చూస్తున్నంతసేపు వైఫై ఆపేయండి. కేబుల్ పని చేయకపోతే ల్యాప్‌టాప్ చడీచప్పుడు లేకుండా వైఫై మీదికి వెళ్లిపోతుంది. మీరేమో కేబుల్ బాగైపోయిందని సంబరపడతారు.

"సీపీయూ వెనకాల కేబుల్ పెట్టిన చోట లైటు వెలుగుతోందా?" అని అడిగాను.

"ఉండు, బల్ల జరపాలి." బల్ల ఈడ్చిన చప్పుడు. "లేదు... ఆ, వెలిగింది. మళ్లీ పోయింది."

ఆ చిన్న లైటుకు ఓ కథ ఉంది. కంప్యూటర్లను కేబుల్‌తో కలిపే ఈథర్‌నెట్ అనే పద్ధతికి 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనేవాళ్లు రూపం ఇచ్చారు. వెలుతురు ప్రయాణించడానికి విశ్వమంతా 'ఈథర్' అనే పదార్థం నిండి ఉందని పాతకాలం శాస్త్రవేత్తలు నమ్మేవారు కదా, ఆ పేరే దీనికి పెట్టుకున్నారు. (బాబాయి షాపు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉన్న 'జిరాక్స్' కూడా ఆ కంపెనీ పేరే. ఈ సంగతి చెబితే ఆయన నమ్మలేదు.) మొదట్లో ఒకటే లావుపాటి కేబుల్, కంప్యూటర్లన్నీ దానికే. ఆ కేబుల్ ఒక్కచోట తెగితే అందరికీ నెట్‌వర్క్ పోయేది, తెగింది ఎక్కడో తెలిసేది కాదు. 1990లో వచ్చిన 10బేస్-టి అనే ప్రమాణంతో సంగతి మారింది. మెలితిప్పిన సన్నటి తీగలు, ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో కేబుల్, అన్నీ మధ్యలో ఓ పెట్టెలోకి. పంపడానికి ఏమీ లేనప్పుడు కూడా రెండు కొసలూ సెకనుకు పదుల సార్లు చిన్న చిన్న సంకేతాలు పంపుకుంటాయి, నేనున్నాను అని. అవతలివాడి సంకేతం ఇవతల వినబడితే ఇవతల లైటు వెలుగుతుంది.

అంటే ఆ లైటు 'నెట్టు వస్తోంది' అని చెప్పట్లేదు. 'అవతలి కొస నాకు వినబడుతోంది' అంటోంది, అంతే. కొన్నిసార్లు ఒక కొసన లైటు వెలిగి రెండో కొసన వెలగకపోవడం కూడా చూస్తాం. వినే తీగలు బాగున్నాయి, చెప్పే తీగలు బాగాలేవు అన్నమాట. అందుకే లైటు రెండువైపులా చూడాలి. డబ్బా దగ్గరా చూడాలి, కంప్యూటర్ వెనకా చూడాలి.

ఇక ఆ కేబుల్ లోపలికి వెళ్దాం. నా అనుభవంలో సగానికి పైగా తగాదాలు ఇక్కడే తేలతాయి. పైతోలు ఒలిస్తే ఎనిమిది సన్న తీగలు, రెండేసి చొప్పున మెలితిప్పి నాలుగు జతలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ప్రతి రంగుకూ దాని చారల తెల్లతీగ తోడు. మెలిక అందానికి కాదు. పక్కన కరెంటు వైరు నుంచో, ఫ్యాను మోటారు నుంచో గోల వచ్చిపడితే జతలోని రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసన రెండిటి మధ్య తేడా మాత్రమే లెక్కిస్తారు కాబట్టి రెండిట్లోనూ సమానంగా ఉన్న గోల కొట్టుకుపోతుంది. మెలిక విప్పేస్తే ఆ రక్షణ పోతుంది. జాక్ బిగించేటప్పుడు అంగుళాలకు అంగుళాలు మెలిక విప్పేసే చేతుల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సెకనుకు వంద మెగాబిట్ల వేగానికి నాలుగు తీగలు చాలు. జాక్‌లో 1, 2, 3, 6 స్థానాల్లో ఉన్నవి. గిగాబిట్‌కు, అంటే వెయ్యి మెగాబిట్లకు, ఎనిమిదీ కావాలి. దీంట్లోంచి ఓ పనికొచ్చే ఆనవాలు పుడుతుంది. కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డూ గిగాబిట్టే, డబ్బా పోర్టూ గిగాబిట్టే, కానీ విండోస్‌లో ఈథర్‌నెట్ వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ 100 అని ఉంది. అప్పుడు మిగతా నాలుగు తీగల్లో ఏదో తెగిందేమో, లేదా జాక్‌లో సరిగా కూర్చోలేదేమో చూడాలి. 'మూడొందల ప్లాన్‌కి డబ్బులు కడుతున్నాను, స్పీడ్ టెస్ట్‌లో తొంభై అయిదు దాటట్లేదు' అని కంపెనీ మీద గొడవకు దిగేవాళ్లలో కొందరి తగాదా నిజానికి గోడ పక్కనున్న వంద రూపాయల జాక్‌తో. వేగాన్ని సెట్టింగ్స్‌లో చేత్తో మార్చొచ్చు కానీ, మార్చొద్దు. రెండు కొసలూ మాట్లాడుకుని వేగం కుదుర్చుకునే ఏర్పాటు ఉంది, దాన్ని 'ఆటో'లోనే ఉంచండి. ఒక కొసన ఆటో, ఇంకో కొసన బలవంతపు సెట్టింగ్ పెడితే లైటు వెలుగుతుంది, నెట్టు మాత్రం నత్తనడక నడుస్తుంది.

తీగల వరస విషయంలో ఒక మాయ ఉంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు నారింజ జత, తర్వాత ఆకుపచ్చ జత, తర్వాత నీలం, గోధుమ అని రంగులు చక్కగా పక్కపక్కన పేర్చి జాక్ బిగిస్తారు. రెండువైపులా అదే వరస పెడితే కొసకు కొస కలిసిందిగా, ఇంకేం అనుకుంటారు. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ ముద్దుగా ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. నెట్టు మాత్రం కాసేపు వచ్చి కాసేపు పోతుంది. కారణం చిన్నదే. 3, 6 స్థానాలు ఒక జతకు చెందాలి. రంగుల వరసలో పేర్చినప్పుడు ఆ రెండిట్లోకి వేర్వేరు జతల తీగలు వచ్చి కూర్చుంటాయి, మెలిక వల్ల వచ్చే రక్షణ పోతుంది. టెస్టర్‌కి ఇది కనబడదు, అది తీగ తెగిందా లేదా అన్నదే చూస్తుంది. సరైన వరస ఇది: తెల్లనారింజ, నారింజ, తెల్లఆకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత విడిపోయి నీలం జతను మధ్యలో ఇరికించుకుంది చూశారా? అదే కిటుకు.

ఇంకొన్ని గబగబా. ఒక కేబుల్ వంద మీటర్లు దాటకూడదు. చౌక కేబుళ్లలో రాగికి బదులు రాగిపూత వేసిన అల్యూమినియం ఉంటుంది, రెండుసార్లు వంచితే లోపలే విరుగుతుంది, పైతోలు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. జాక్‌కి ఉండే ప్లాస్టిక్ కొక్కెం విరిగితే జాక్ పోర్టులో నిలవదు, తుడుపు గుడ్డ తగిలినా కదులుతుంది. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. డాబా మీంచి పక్క డాబాకు రాగి కేబుల్ లాగి ఉంటే పిడుగుల రోజు మర్నాడు పోర్టులు చచ్చిపోవడం మన ఊళ్లలో మామూలే. ఫైబర్‌లో గాజు కాబట్టి అది పిడుగు కరెంటును మోయదు, ఈ బెడద అటునుంచి చాలావరకు తగ్గింది. పోర్టు చచ్చిపోతే ఏ మంచి కేబుల్ పెట్టినా లైటు రాదు. విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో కార్డు మాత్రం ఒక్కోసారి అమాయకంగా 'బాగానే ఉన్నాను' అంటుంది. అప్పుడు మదర్‌బోర్డు మార్చక్కర్లేదు, యూఎస్‌బీలో పెట్టే ల్యాన్ అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది.

లైటు మరీ ఉత్సాహంగా కొట్టుకుంటున్నా అనుమానించాలి. ఓసారి మా ఆఫీసులో ఒక అంతస్తు మొత్తం నెట్‌వర్క్ పడిపోయింది. వెళ్లి చూస్తే మూలనున్న చిన్న స్విచ్‌లో (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) లైట్లన్నీ ఒకే తాళంలో టపటపా కొట్టుకుంటున్నాయి. ఎవరో బల్ల సర్దుతూ, వేలాడుతున్న కేబుల్ కొస కనబడితే పాపం ఊడిపోయిందనుకుని ఖాళీ పోర్టులో పెట్టేశారు. ఆ కేబుల్ రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది! అందరికీ వినబడేలా వేసిన కేక ఒకటి అందులో గుండ్రంగా తిరుగుతూ, పెరుగుతూ, మిగతా మాటలన్నిటినీ ముంచేసింది. ఒక్క కొస పీకగానే అంతస్తంతా లేచి కూర్చుంది.

బాబాయి లైటు వచ్చి పోతోంది అన్నాడు కదా. జాక్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపమన్నాను. కదిపినప్పుడల్లా వచ్చి పోతోంది. నిన్న కొత్త ప్రింటర్ పెట్టడానికి బల్ల జరిపారట. డబ్బా కొన్నప్పుడు అట్టపెట్టెలో చిన్న కేబుల్ ఒకటి ఇస్తారు కదా, అది ఉందా అంటే ఉంది, కవరు కూడా విప్పలేదు. సీపీయూని డబ్బా పక్కకు తెచ్చి ఆ కేబుల్ పెట్టించాను. ఇలాంటప్పుడు మార్చేది ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, సెట్టింగ్ మూడూ ఒకేసారి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, మళ్లీ పాడైతే మళ్లీ మొదటికొస్తాం.

లైటు స్థిరంగా వెలిగింది. నెట్టు రాలేదు.

ఇక్కడే నాకూ కొంచెం టెన్షన్ మొదలైంది, ఎందుకంటే క్యూలో వాళ్ల గొంతులు ఫోన్లో వినబడుతున్నాయి. అయినా వరస తప్పకూడదు. తీగ అయింది, తర్వాతిది అడ్రసు.

విండోస్ బటన్ నొక్కి, సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే కంప్యూటర్ తన అడ్రసు చెబుతుంది. ఆ అడ్రసు ఎలా వస్తుందో తెలిస్తే ఏది తప్పో చూడగానే తెలుస్తుంది. పెళ్లి విడిదిని ఊహించుకోండి. వచ్చినవాళ్లకు గదులు ఇవ్వడానికి ఒక పెద్దాయన్ని కూర్చోబెడతారు. కొత్తగా దిగిన చుట్టం గుమ్మంలో నిలబడి, ఎవరిని అడగాలో తెలియక గట్టిగా కేకేస్తాడు, "గదులు ఎవరిస్తారండీ?" పెద్దాయన అంటాడు, "పన్నెండో నంబరు ఖాళీగా ఉంది." చుట్టం, "సరే, అదే ఇవ్వండి." పెద్దాయన పుస్తకంలో రాసుకుని, "రాసుకున్నా, రేపు సాయంత్రం దాకా నీది." అచ్చం ఇవే నాలుగు మాటలు కంప్యూటర్‌కీ డబ్బాకీ మధ్య నడుస్తాయి. ఈ ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. గదితోపాటు ఇంకో రెండు సంగతులు కూడా చెబుతాడు పెద్దాయన: వీధిలోకి వెళ్లాలంటే ఏ గుమ్మం గుండా పోవాలి, ఊళ్లో పేర్లు తెలియకపోతే ఎవరిని అడగాలి. మొదటిది గేట్‌వే, రెండోది డీఎన్ఎస్.

కేకేస్తే ఎవరూ పలకలేదనుకోండి. కంప్యూటర్ కాసేపు చూసి, 169.254తో మొదలయ్యే అడ్రసు ఒకటి తనంతట తనే పెట్టుకుంటుంది, వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్నట్టు. ఐపీకాన్ఫిగ్‌లో 169.254 కనబడిందంటే విండోస్ పాడైందని కాదు. 'అడిగాను, ఎవరూ పలకలేదు' అని అర్థం. కేక తీగలో పోయి ఉండాలి, లేదా డబ్బాలో పెద్దాయన నిద్రపోయి ఉండాలి. డబ్బాను ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ ఆన్ చేయడం పని చేసేది ఇలాంటి చోటే.

ఇంకో రకం చిక్కు, ఇద్దరు పెద్దాయనలు. వైఫై అందట్లేదని పాత రౌటర్ ఒకటి తెచ్చి, దాని ల్యాన్ పోర్టులో కేబుల్ పెడతారు. ఇప్పుడు ఇంట్లో రెండు డబ్బాలు గదులు పంచుతున్నాయి. ఎవరు ముందు పలికితే వాళ్ల గది. కొందరికి నెట్టు వస్తుంది, కొందరికి రాదు, రేపు వాళ్లూ వీళ్లూ తారుమారవుతారు. 'నిన్న బాగానే ఉంది, ఇవాళ రావట్లేదు, ఏమీ మార్చలేదు' అనే ఫిర్యాదుల వెనక ఇది చాలాసార్లు దొరుకుతుంది. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేస్తే తగువు తీరుతుంది. దాని సొంత అడ్రసు కూడా కొత్త డబ్బా అడ్రసుతో కలవకుండా చూసుకోవాలి.

బాబాయి చదివి వినిపించాడు. "నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, సున్నా, యాభై. గేట్‌వే అని నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, సున్నా, ఒకటి."

"ఫోన్లో వైఫై వివరాలు తెరిచి అక్కడ గేట్‌వే ఎంతుందో చెప్పు."

"నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఒకటి."

ఇదిగో గండి. డబ్బా ఉన్నది 192.168.1.1 దగ్గర. కంప్యూటర్ వెతుకుతున్నది 192.168.0.1 కోసం. ఆ అంకె డబ్బా ఇచ్చింది కాదు, ఎవరో చేత్తో రాసింది. నేను అడిగేలోపే బాబాయి వెనక్కి తిరిగి గట్టిగా అన్నాడు, "ఒరేయ్, నువ్వేమైనా కెలికావా?" షాపులో పనిచేసే కుర్రాడు పొద్దున్నే వచ్చి, నెట్టు రాకపోయేసరికి వీడియో ఒకటి చూసి, అందులో ఉన్న అంకెలన్నీ అలాగే దింపాడట. వాడి తప్పేం లేదు. ఆ వీడియో చేసినవాళ్ల ఇంట్లో డబ్బా అడ్రసు అది.

అసలు తగాదా తీగది. దాన్ని బాగుచేయబోయి రెండో తగాదా తెచ్చిపెట్టారు. కేబుల్ మార్చినా నెట్టు రాలేదు కాబట్టి కేబుల్ మంచిదేనని తేల్చేసి, ఇంకేదో వెతుకుతూ పోయేవాళ్లే ఎక్కువ. మెట్టుమెట్టుకూ విడిగా చూసుకుంటూ వస్తే ఆ పొరపాటు జరగదు. మంచి కేబుల్ పెట్టి లైటు నిలిచిందంటే తీగ సంగతి చాలావరకు ముగిసింది, తర్వాత ఏం రాకపోయినా వెంటనే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు.

విండోస్ 11లో సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్, అందులో ఐపీ అసైన్‌మెంట్. పక్కన 'మాన్యువల్' అని ఉంది. ఎడిట్ నొక్కి 'ఆటోమేటిక్' చేయించాను. డీఎన్ఎస్ కూడా ఆటోమేటిక్. రెండు సెకన్లలో అడ్రసు 192.168.1.12కి మారింది. కింద మూలనున్న గ్లోబు బొమ్మ పోయి కంప్యూటర్ బొమ్మ వచ్చింది.

ఆ బొమ్మను కూడా పూర్తిగా నమ్మకండి. విండోస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్వర్‌లోని ఓ చిన్న టెక్స్ట్ ఫైలును తెరిచి చూస్తుంది, అది అందితే నెట్టు ఉందంటుంది, అందకపోతే లేదంటుంది. నెట్టు బ్రహ్మాండంగా వస్తున్నా ఆ ఒక్క సర్వర్ దారి మూసుకుపోతే గ్లోబు బొమ్మే చూపిస్తుంది. అందుకే మిగిలిన మెట్లు అదే నల్ల తెరలో పింగ్ (ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూసే కమాండ్) కొట్టి చూసుకోవడం మేలు. ముందు గేట్‌వేకి పింగ్, అంటే 192.168.1.1కి. జవాబొస్తే డబ్బాదాకా దారి బాగుంది. తర్వాత 8.8.8.8కి, ఇది గూగుల్ డీఎన్ఎస్ సర్వర్, గుర్తుపెట్టుకోవడానికి తేలిక. జవాబొస్తే బయటిదాకా దారి ఉంది. తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుకు. అంకెకు జవాబొచ్చి పేరుకు రాకపోతే తగాదా డీఎన్ఎస్‌ది, అంటే పేర్లను అంకెలుగా మార్చి చెప్పేవాడిది. వేరే డీఎన్ఎస్ పెట్టి చూడొచ్చు.

పింగ్ చెప్పే మాటల్లో తేడా గమనించండి. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అంటే పంపాను, జవాబు రాలేదు. కొన్ని సర్వర్లు కావాలనే పింగ్‌కు పలకవు, కాబట్టి దీన్ని చూసి వెంటనే కంగారుపడక్కర్లేదు. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని, అది కూడా మీ కంప్యూటర్ సొంత అడ్రసు నుంచే జవాబుగా వస్తే మాత్రం పక్కనే ఉండాల్సిన డబ్బా కూడా దొరకలేదని అర్థం. తమాషా ఏమిటంటే విండోస్ దీన్ని కూడా జవాబుగానే లెక్కేసి, కింద 'సున్నా శాతం లాస్' అని చూపిస్తుంది. కింది లెక్క చూసి అంతా బాగుందనుకున్న ఇంజినీర్లు నాకు తెలుసు.

ఇవన్నీ బాగుండి కూడా బ్రౌజర్ తెరుచుకోని రోజులుంటాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీ (నెట్టుకు మధ్యవర్తిగా ఉండే సర్వర్) సెట్టింగ్ పెట్టి ఉంటుంది, ఇంట్లో ఆ ప్రాక్సీ ఉండదు. వేరే నెట్‌వర్క్‌లోకి రహస్యంగా దారి వేసే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ తెగిపోయి, తనతోపాటు నెట్టునంతా ఆపేసి ఉంటుంది. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద నాణెం సైజు బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు చెల్లుబాటు తేదీలుంటాయి కదా, కంప్యూటర్ లెక్క ప్రకారం అవి ఇంకా పుట్టనే లేదు, అందుకని ఏ సైటూ తెరవనివ్వదు. బ్రౌజర్ నిండా హెచ్చరికలే కనబడితే ముందు గడియారం చూడండి. ఇంకా కొన్ని ఊళ్లలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేసే పద్ధతి ఉంది. అక్కడ 691 అనే ఎర్రర్ వస్తే పేరో పాస్‌వర్డో తప్పు, లేదా అకౌంట్‌కు అనుమతి లేదు. అది మీ కేబుల్ తప్పు కాదు, ఆపరేటర్‌ను అడగాల్సిందే.

ఇక అసలు కార్డే మొండికేస్తే. నిన్న రాత్రి బాగానే ఉంది, పొద్దున ఆన్ చేస్తే లైటే లేదు, కేబుల్ మార్చినా లేదు. అప్పుడు షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. రెండూ ఒకటే అనుకుంటాం కానీ కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, మర్నాడు దాన్నే మళ్లీ పరుస్తుంది. డ్రైవర్ మెలికపడి ఉంటే ఆ మెలికతో సహా దాచుకుంటుంది. రీస్టార్ట్‌లో మాత్రం అన్నీ మొదటినుంచి లేస్తాయి. అప్పటికీ రాకపోతే ప్లగ్ పీకేయాలి. డెస్క్‌టాప్ ఆపేసినా నెట్‌వర్క్ కార్డుకు కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది, దూరం నుంచి కంప్యూటర్‌ను నిద్ర లేపే సౌకర్యం కోసం. ప్లగ్ పీకి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. నాటువైద్యంలా కనబడుతుంది కానీ కారణం ఉన్న వైద్యమే. దాని తర్వాతే డివైస్ మేనేజర్. అక్కడ కార్డు పేరు పక్కన పసుపు గుర్తుంటే డ్రైవర్ సంగతి, కిందికి బాణం ఉంటే ఎవరో డిజేబుల్ చేశారు, పేరే లేకపోతే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉండొచ్చు, లేదా కార్డు పోయి ఉండొచ్చు.

వీడియోలన్నీ ముందు చెప్పేది విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లను మొదటికి తెచ్చే విన్‌సాక్ రీసెట్, ఐపీ రీసెట్, ఆఖర్న నెట్‌వర్క్ రీసెట్. అవి తప్పు కావు. సాఫ్ట్‌వేర్ అల్లకల్లోలమైనప్పుడు, ముఖ్యంగా ఏదో యాంటీవైరస్ తీసేశాక, బాగానే పని చేస్తాయి. కానీ జ్వరం అనగానే సెలైన్ ఎక్కించినట్టు ప్రతిదానికీ అవే కొట్టడం నాకు నచ్చదు. నెట్‌వర్క్ రీసెట్ కొడితే మీరు పెట్టుకున్న సెట్టింగ్‌లు పోతాయి, వీపీఎన్ లాంటివి మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. పైగా అసలు కారణం ఏదో తెలియకుండానే పోతుంది.

షాపులో అప్పటికి మొదటి అప్లికేషన్ సబ్మిట్ అయింది. సీపీయూని మళ్లీ బల్ల కిందికి చేర్చాలి, చిన్న కేబుల్ అందదు, కొత్తది పది మీటర్లు కొనమన్నాను. మళ్లీ బల్ల జరిపినా గుంజుకోకుండా గోడ వెంట క్లిప్పులు కొట్టించమన్నాను. సాయంత్రం బాబాయి వాట్సాప్‌లో ఓ ఫోటో పెట్టాడు. పాత కేబుల్ జాక్ దగ్గర రెండంగుళాల ఇవతల బల్ల కాలు కింద నలిగి చదునైపోయింది. అక్కడ పైతోలు కోసి చూపించాడు, ఆకుపచ్చ తీగ ఒకటి తెగి, రెండు కొసలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. బల్ల కదిలితే కలవడం, విడిపోవడం.

"నలిగిన ముక్క కోసేసి కొత్త జాక్ వేయిస్తే మిగతాది పనికొస్తుంది బాబాయ్, పారేయకు" అని మెసేజ్ పెట్టాను.

"పారేయలేదు. మీ పిన్ని షాపు వెనకాల బట్టలారేసే తాడు చేసింది" అని జవాబు.